మా అక్క మొక్కిన దట్టీ విలన్ మెడలో

మా అక్క పీరుకు మొక్కి కట్టిన దట్టీని, ఆ మొక్కుబట్టను, మీ సినిమాలో విలన్ మెడకు చుట్టారు. ట్రైలర్‌లో చూశాను. ఆకుపచ్చ బట్ట, అంచుకు అక్క తన చీరలోంచి కోసి కుట్టిన ఎర్ర జరీ. వాడు గొడ్డలితో మనుషులను నరుకుతుంటాడు, ఎదురుగా హీరో నుదుట బొట్టు మెరుస్తుంటుంది. అక్కకు ఎనిమిదో నెల. ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ట్రైలర్ చూసినప్పటి నుంచి సరిగా తినడం లేదు. అందుకే ఫ్యాక్టరీకి సెలవున్న ఆదివారం బయల్దేరాను.

మేడ్చల్ నుంచి మా సొంతూరు రావల్కోల్‌కు షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. నిండేదాకా కదలదు, పొద్దున్నే వెళ్లండి. ఊళ్లో పీర్లుండే గదిని పీర్ల కొట్టం అంటాం. బిడ్డ పుట్టి, ఆ బిడ్డను తెచ్చి చూపించేదాకా మొక్కిన దట్టీ కొట్టం దాటకూడదు. కొట్టం చూసుకునే ఖాసీం చాచా గడప మీదే కూర్చున్నాడు.

"మరెందుకిచ్చినవ్ చాచా?"

"హీరో వచ్చి మొక్కుతడన్నరు బిడ్డా. కొత్త బట్టయితే కెమెరాల నకిలీ లెక్క కొడ్తదట. మాపటికి తెచ్చిస్తమన్నరు. సినిమాల మన పీరు కనబడ్తదని ఖుషయిన."

"కనబడ్డది. ఖూనీలు జేసెటోని మెడల."

చాచా తల దించుకున్నాడు. "మీ అక్క మొఖం ఎట్ల జూడాల్రా? నిద్ర వడ్తలేదు."

మళ్లీ మేడ్చల్ వచ్చి, షూటింగ్ జరిగే శామీర్‌పేటకు ఆటో ఎక్కాను. సంగతి చెబితే డ్రైవర్ నవ్వాడు. "గా విలనా? పచ్చబట్ట జూడంగనే నా పక్కనోడు గీడే దొంగ అన్నడన్నా. వాడింకా నోరే తెరువలే!"

సెట్టు చెరువు అవతల ఉంది. సామాన్లు చూసే మేనేజర్ గేటు దగ్గరికి వచ్చాడు. దట్టీ ఇచ్చేయమన్నాను.

"కంటిన్యుటీ తమ్మీ. మొన్నటి షాట్ల మెడలున్నది, శుక్రవారం షాట్ల గూడ ఉండాలె."

"శుక్రవారం ఏం షాటు?"

"వాడు సచ్చేది. మంటల పడ్తడు, దట్టీతోనే. నీకు అసొంటియి పది కొనిస్త, పో."

"మీ హీరో మెడల రుద్రాక్షలు గూడ కాలుస్తరా?"

"అయ్యో, గొడవలైతయ్!" అన్నాడు, నవ్వకుండానే.

తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచన. బొట్టు పెడితే మంచివాడు, పచ్చబట్ట చుడితే చెడ్డవాడు. కథ చెప్పడం మీకు అంత సులువైపోయింది. మా ఊళ్లో ఆ పీరు ముందు కొబ్బరికాయ కొట్టేది మేం, ఫాతెహా చదివేది చాచా. ఇంటికి రాగానే అక్క పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "కాలిస్తే ఏమైతదిరా?" అంది. ఈ పోస్టు రాయడానికి కూర్చున్నాను.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: చీకటి పడితే శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు ఆటోలు దొరకవు, వెలుగుండగానే తిరగండి.

సినిమావాళ్లకు: దట్టీ గురువారం సాయంత్రానికి కొట్టంలో ఉండాలి. రక్తం రంగు అంటినా అలాగే తెండి, చాచా కడుగుతాడు. ఎవరు తెస్తున్నారో బుధవారం లోపు ఈ పోస్టు కిందే రాయండి.