నుదుటి మీద రూపాయి

పక్క చేలో పత్తికి మందు కొడుతుంటే ఆ ఘాటుకి ఇప్పటికీ నాకు ప్రత్తిపాడు సెంటర్లోని వీడియోగేమ్ గుర్తొస్తుంది. నాన్న అక్కడి పురుగుమందుల కొట్టుకి వెళ్లినప్పుడల్లా పక్కనే ఉన్న ఆ ఆట దగ్గరికి నన్ను తీసుకెళ్లేవాడు. అందులో గెలిచినవాడు ఓడినవాడి గుండె పెరికి చేత్తో పైకెత్తేవాడు. తెరంతా నెత్తురు. నేను ఏడిస్తే నాన్న నవ్వేవాడు.

“ఏడవకురా పిచ్చోడా, ఇంకో రూపాయి వేస్తే లేస్తాడు!”

వేసేవాడు. చచ్చినవాడు లేచేవాడు.

పత్తి పంట దెబ్బతిన్న ఏడాది నాన్న ఆ పురుగుమందే తాగాడు. వాకిట్లో పడుకోబెట్టి, చనిపోయినవాళ్లందరికీ పెట్టినట్టే నుదుటి మీద రూపాయి బిళ్ల పెట్టారు. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఊరుకో నానమ్మా, రూపాయి వేశారుగా, లేస్తాడు” అన్నాను.

నానమ్మ ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. పాడె ఎత్తేదాకా నేను నాన్న కళ్లనే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత కొన్నాళ్లకి, నెత్తురు చూపించి పిల్లల్ని చెడగొడుతోందని పెద్దమనుషులు ఆ ఆట మూయించారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. పక్కనున్న మందుల కొట్టుని ఒక్క మాటన్నవాడు లేడు. నాన్న నవ్వగా నేను చూసిన చోటు మాత్రం మూతపడింది.