ఎర్రమ్మ అరికాలు

మా అత్త ఎర్రమ్మ ఇరవై రెండేళ్లుగా పలాసలో జీడిపిక్కల పనికి వెళుతోంది. పిక్క తొక్కలోంచి కారే సొన అంటితే ఒళ్లు కాలి బొబ్బలెక్కుతుంది. అందుకని ఆడవాళ్లు చేతులకు నూనె రాసుకుంటారు. కాళ్లకెవరూ రాసుకోరు. కింద పడ్డ తొక్క తగిలి చురుక్కుమనగానే కాలు వెనక్కి లాక్కుంటారు, అంతే.

ఆవిడకి ఒకటే భయం, కిడ్నీ. మా మామ సోములు ఆ జబ్బుతోనే పోయాడు. మూడేళ్లు డయాలసిస్‌కి తిప్పాం. అప్పట్నుంచి అత్త మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుని, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుందంటే ఆ కాగితం దేవుడి పటం వెనక పెట్టి దండం పెట్టేది. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో ఆ అంకె చూడని ఇల్లు లేదు. దాని కిందే షుగరు మూడు వందలు దాటిందని ఉంటే మాత్రం పట్టించుకునేది కాదు. మామ పోయాక షుగరు మాత్రలు కూడా మానేసింది.

“మాత్రలే కదే మీ మావ కిడ్నీలు తినేసినాయి. నానేసుకోను,” అనేది.

నాకు నోరెక్కువ, ఆవిడకి మొండితనం ఎక్కువ. నేను బలవంతంగా మాత్ర ఇస్తే బుగ్గన దాచుకుని పెరట్లో ఉమ్మేసేది. ఆరేళ్లు ఇలాగే కొట్లాడుకున్నాం. ఏడాదిగా కాళ్లు తిమ్మిర్లంటుంటే రోజంతా కూర్చునే పని కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మొన్న మంగళవారం పని నుంచి వచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. అప్పుడు చూశాను కుడి అరికాలు. సొనకి చర్మం ఊడిపోయింది. మధ్యలో నల్లగా పుండు, పుండులో జీడి తొక్క ముక్క. వాసన కూడా వస్తోంది.

“అత్తా, కాలు చూసుకున్నావేటి? నొప్పి లేదా?”

“ఏ కాలే?” అంది.

అప్పటికప్పుడు ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరు పుండు కడిగాడు. ఒంటేలు పరీక్ష చేయించి ఆ కాగితం రెండుసార్లు చూశాడు. మాత్రల సంగతి నేనే చెప్పాను.

“మాత్రలు ఎందుకు మానేశావమ్మా?”

“కిడ్నీలు పాడవుతాయని, బాబూ.”

“రక్తపరీక్షలో ఇంకా కనబడలేదు గానీ ఒంటేల్లో ప్రొటీన్ పోతోంది, నీ కిడ్నీలు పాడవడం మొదలైంది. చేసింది మాత్రలు కాదు, షుగరు. కాళ్లలో నరాల్ని కూడా అదే తినేసింది. స్పర్శ ఎంత మిగిలిందో చూస్తాను. ఎడమ కాలు చాపి కళ్లు మూసుకో. తగిలినప్పుడల్లా చెప్పు.”

అత్త కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు సన్నటి ప్లాస్టిక్ తీగతో బొటనవేలి కింద నొక్కాడు. తర్వాత చిటికెన వేలి కింద, అరికాలి మధ్యలో, మడమ మీద. తీగ వంగుతోంది. నేను ఆవిడ ముఖం చూస్తూ, చెప్పు అత్తా, చెప్పు అని లోపల్లోపలే మొక్కుకున్నాను. పదిచోట్ల నొక్కి ఆయన తీగ పక్కన పెట్టేశాడు.

అత్త ఇంకా కళ్లు మూసుకునే ఉంది.

“మొదలెట్టు బాబూ,” అంది.