మబ్బుకు మొదటి దోశ

గిద్దలూరు మీదికి వచ్చిన ఏ మబ్బయినా రాధాకుమారి చేతి దోశ తినకుండా ముందుకు పోయిన దాఖలా లేదు. నల్లమల దిగి వచ్చే ఉరుముల మబ్బు నేరుగా వచ్చి బస్టాండు ఎదుట ఆగుతుంది. కారం దోశ ఒకటి అడుగుతుంది. తిని మూతి కడుక్కుంటుంది. ఆ మూతి కడుక్కున్న నీళ్ళే మనకు వాన. ఒక ఏడు పిండి అయిపోయిందని ఆమె చేతులు తిప్పితే, అలిగిన మబ్బు అటునుంచి అటే కంభం పోయి కడుపులో ఉన్న కోపమంతా అక్కడి చెరువులో కక్కింది. నమ్మకం కుదరనివాళ్ళు మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే నరేష్‌ను అడగవచ్చు. ఆ మబ్బు ఏ చట్నీ వేసుకున్నదో కూడా చెప్తాడు.

పోయిన మే నెలలో రాధాకుమారికి మబ్బుతో కన్నా రోడ్డుతో పేచీ వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొలతల మనుషులు వచ్చి ఆమె దోశల బండి వెనకున్న కరెంటు స్తంభానికి ఎర్ర రంగు పూసి పోయారు. నెలాఖరుకు బండి తీయాలి. ఊరికే తీయమనలేదు, బదులు చోటు చూపించారు. బస్టాండు వెనక, నీడపట్టున, కుళాయి పక్కన. అదృష్టవంతురాలివన్నారు అందరూ. ఆమె ఒక మధ్యాహ్నం పోయి ఆ చోట నిలబడి చూసుకుంది. మూడు పక్కలా గోడలు. ఎదురుగా అంతస్తుల మీద అంతస్తులు లేపిన లాడ్జి. అక్కడ నీళ్ళున్నాయి, నీడ ఉంది, గిరాకీ ఉంది. పడమర ఒక్కటే లేదు.

పాత చోట అట్లా కాదు. పెనం మీద పిండి తిప్పి తలెత్తితే రెండు దుకాణాల సందులోంచి నల్లమల వరస కనిపించేది. ఆ వరసలో నంద్యాల రోడ్డు దూరే పల్లం కనిపించేది. ఎండాకాలపు గాలివాన ఆ పల్లంలోంచే, దొంగ గోడ మీదుగా తొంగిచూసినట్టు, ముందు నెత్తి చూపేది. బండి తీసేలోపల ఆ పెనం ముందు, తన మనుషుల మధ్య నిలబడి ఇంకొక్క వాన చూసి పోవాలని రాధాకుమారి కోరిక. ఈ వయసులో ఇదేం కోరికని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. ఆ ఏడు చూస్తే ఉగాది నుంచి చినుకు లేదు. మనుషులు అంతకన్నా లేరు.

ఆమె మనుషులంటే చుట్టాలు కారు, వానపిచ్చోళ్ళు. ఆ పేరు ఊరే పెట్టింది. ఆ పిచ్చికి మూలపురుషుడు ఆమె పెనిమిటి మాలకొండయ్య. నంద్యాల బస్సు తోలేవాడు. ఫోనుల్లో మబ్బులు తిరగని ఆ రోజుల్లో గిద్దలూరికి వాన కబురు ఆయన బస్సు మీదే వచ్చేది. నల్లమల ఘాటురోడ్డు మీద తడిసిన రోజు ఊరి మొదట్లోనే రెండు హారన్లు కొట్టేవాడు. ఆ చప్పుడు వినపడితే చేతిలో టిఫిను ప్లేటుతోనే జనం బస్సుకు ఎదురుపోయేవాళ్ళు. ఒకడు అద్దం మీద వేలు రాసి చూసేవాడు. ఒకడు టైరుకు అంటిన బురద గిల్లి వాసన చూసి, ఇది దిగువమెట్ట మన్ను కాదు, ఇంకా పైదని తీర్పు చెప్పేవాడు. అదే బస్సులో కండక్టరు గిద్యోను ఫుట్‌బోర్డు మీద నిలబడి, చినుకు సైజు ఎంతో బొటనవేలు మీద గుర్తుపెట్టి చూపించేవాడు. ఆయన బొటనవేలు ఏటేటా లావెక్కింది కాని చినుకు మాత్రం చిక్కలేదు.

గొర్రెల కాటమరాజు వేసవిలో తన మందను రైతుల చేలల్లో ఎరువుకు కట్టేవాడు. బయట పడుకున్న మంద మీద వడగళ్ళు పడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు కాబట్టి, మొదట్లో అవసరానికే బండి దగ్గరికి వచ్చి కబురు అడిగేవాడు. కొన్నాళ్ళకు మందను కొట్టంలోకి తోలేసి కూడా వచ్చేవాడు. ఇక అది అవసరం కాదు. నరేష్ అప్పటికి గిద్దలూరులో ఇంటర్ చదివేవాడు. రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ నేరం మబ్బుల మీద పెట్టాడు. పరీక్షలు మార్చిలో కదరా అని వాళ్ళ నాయన అడిగితే, మబ్బులు తయారు కావడం మార్చిలోనే మొదలవుతుందని చెప్పి తన్నులు తిన్నాడు.

మాలకొండయ్యకు ఒక అలవాటు ఉండేది. ఘాటు మీద గాలి బిగదీసుకుపోయినా, కోతులు రోడ్డు దిగి అడవిలోపలికి పోయినా, ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే, “రేపు పిండి తగ్గించు” అనేవాడు. వాన పడితే సాయంత్రం బండికి మనిషి రాడు, రుబ్బిన పిండి పులిసి పారబోయాల్సిందే. కాబట్టి ఆయన మాట మీద ఆమె సగం పిండే రుబ్బేది. మర్నాడు బండి మీద పెద్ద గిన్నె బదులు చిన్న గిన్నె కనిపిస్తే చాలు, రాధాకుమారి పిండి తగ్గించిందని సాయంత్రానికి కంభం దాకా పాకేది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల మీద పట్టలు కప్పుకునేవాళ్ళు. మాలకొండయ్య లెక్క అంత గొప్పదేమీ కాదు. తప్పిన రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో ఎండ భగభగమంటుంటే పిండి పొద్దుగూకకముందే అయిపోయి, దోశలు దొరకనివాళ్ళు మొగుణ్ణీ పెళ్ళాన్నీ కలిపి తిట్టిపోసేవాళ్ళు. తిట్టిన నోటితోనే పడమర ఏమన్నా లేస్తున్నదా అని అడిగేవాళ్ళు.

లెక్క కుదిరిన రోజున మాత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి, పెనం మీది మొదటి దోశ తీసుకుని, బండి కప్పు పట్ట మీదికి పడమరగా విసిరేవాడు. చుట్టం ఆకలితో వస్తాడు, ముందు ఆయనకు పెట్టాలి అనేవాడు. తర్వాత వాన. గొడుగు తెరవకూడదనేది అక్కడి కట్టుబాటు. తెరిచినవాడికి ఆ ఏడాదంతా చట్నీ లేదు.

మాలకొండయ్య పోయాక రాధాకుమారి పిండి తగ్గించడం మానేసింది. చెప్పే మనిషి లేనప్పుడు తగ్గించడానికి తానెవరు? రోజూ నిండుగా రుబ్బింది, వాన పడ్డ రోజు నిండు గిన్నె కాలవలో కుమ్మరించింది. ఈలోపల నరేష్ వాట్సాప్‌లో గ్రూపు పెట్టాడు. పేరు పడమటి మబ్బు. రాడార్ బొమ్మలు, శాటిలైట్ బొమ్మలు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. దర్శిలో మంచం మీద పడుకుని గిద్దలూరు మబ్బును చూడవచ్చు. ఇంక గిద్దలూరు రావడం దేనికి? గ్రూపులో జనం పెరిగారు, బండి దగ్గర తగ్గారు. రాధాకుమారి కూడా గ్రూపులో ఉంది. పిండి చేతులతో ఏం రాస్తుంది, ఊరికే చూసేది. గిద్యోను ఉద్యోగం దిగి కొనకనమిట్లలో కూతురి దగ్గర ఉంటూ, పొద్దున్నే పువ్వుల బొమ్మలు పెట్టేవాడు. వానపిచ్చోళ్ళు మంచి మనుషుల్లా తయారయ్యారు.

బండి తీయడానికి వారం కూడా లేదనగా ఒక సాయంత్రం, సగం పిండి రుబ్బేసరికి గ్రైండర్ మూలిగింది. పొగ వచ్చింది. మోటారు కాలిన వాసన వీధి చివరిదాకా పోయింది. మిగిలిన నానిన పప్పు పక్కింటి నాగజ్యోతికి గారెలకిచ్చి, ఉన్న సగం పిండి చిన్న గిన్నెలోకి తీసింది రాధాకుమారి. మర్నాడు మధ్యాహ్నం ఆ గిన్నె బండి మీద పెట్టింది. అంతే జరిగింది.

మందుల షాపుకని వచ్చిన కాటమరాజు దాన్ని చూశాడు. నాలుగడుగులు అవతలికి పోయి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గ్రూపులోకి ఒకే ముక్క వదిలాడు. “వదిన పిండి తగ్గించింది.”

కాసేపటికి నరేష్ ఫోను చేశాడు.

“అక్కా, నిజమేనా?”

“సగమే ఉంది నాయనా.”

“రాడార్‌లో ఏం లేదక్కా. కడిగిన పలక మాదిరి ఉంది.”

గ్రైండర్ సంగతి రాధాకుమారి నాలుక చివరిదాకా వచ్చింది. పెనం మీద చెయ్యి పెట్టి వేడి చూసింది. తల ఎత్తి సందులోంచి కొండ వైపు చూసింది. అక్కడా ఏమీ లేదు.

“లేకపోతే రావద్దులే” అంది.

“రావద్దంటావేంది? అన్న లెక్క రాడార్‌కు ఎప్పుడు అందింది? దుకాణం మూసినా, బయల్దేరినా” అన్నాడు నరేష్.

చెప్పేయాలని ఆమె మళ్ళీ ఫోను తీసింది. అప్పటికే గ్రూపు పొంగిపోతున్నది. కొనకనమిట్ల నుంచి గిద్యోను బస్సెక్కినట్టు ఫోటో పెట్టాడు. ఇన్నాళ్ళకు పువ్వు కాని బొమ్మ ఒకటి పెట్టాడాయన. రాధాకుమారి ఫోను కొంగుకు తుడిచి లోపల పెట్టేసింది. వాన రాకపోయినా పోనీ, మనుషులు వస్తున్నారు. వచ్చాక వాన లేదని తిడతారు. తిట్టనీ. ఆ తిట్లు విని కూడా చాలా ఏళ్ళయింది.

సాయంత్రానికి బండి చుట్టూ పాత మొహాలు చేరాయి. ఒకరి జుట్టు చూసి ఒకరు నవ్వుకున్నారు. గిద్యోను దిగుతూనే నరేష్ పొట్ట తట్టి, “ఏంరా, మబ్బులన్నీ నువ్వే మింగినట్లుండావే” అన్నాడు. కాటమరాజు తన గొర్రెలు పొద్దున్నుంచి తలలు కిందికి దించి ఒకదాని పొట్ట కింద ఒకటి దూరుతున్నాయని చెబితే, ఎండకు గొర్రెలు రోజూ చేసే పని అదేగా అని నరేష్ అన్నాడు. నువ్వు ఫోనులోకి తల దూర్చడం లేదా రోజూ, అని కాటమరాజు అన్నాడు.

ఎండ వాలే వేళకు పల్లంలో తెల్లగా ఒకటి లేచింది. కాలీఫ్లవర్ మాదిరి పొంగింది. నరేష్ ఫోను చూసుకుని, రాడార్‌లో ఆకుపచ్చ చుక్క పడిందన్నాడు. ఎవరూ ఆ చుక్క చూడలేదు. అందరూ కొండనే చూస్తున్నారు. మబ్బు నల్లబడింది, అడుగు చదునైంది, లోపల ఎక్కడో గురగురమంది. తర్వాత మెల్లగా, వీళ్ళు పిలవలేదన్నట్టు, రాచర్ల పక్కకు తిరిగిపోయింది. దాని వెనక ఎండ మళ్ళీ పడింది.

తిట్టేవాళ్ళు తిట్టలేదు. అదే రాధాకుమారికి కష్టమనిపించింది. “అన్న ఉన్నప్పుడు కూడా సగం తప్పేదిలే అక్కా” అని నరేష్ ఓదార్చబోయాడు. గిన్నె అడుగున ఒక్క దోశకు పిండి ఉంది. పొద్దున్నుంచి టీ తప్ప తాగని గిద్యోనుకని పోసింది. ఇప్పుడు చెప్పేయాలనుకుంది. గ్రైండర్ కాలిందని, మాలకొండయ్య లెక్క మాలకొండయ్యతోనే పోయిందని.

అప్పుడు నంద్యాల బస్సు వచ్చింది. డ్రైవరు కొత్త కుర్రాడు, హారన్ల సంగతి ఎరగడు. ఊరికే వచ్చి ఆగింది. గిద్యోను పాత అలవాటున లేచిపోయి, బస్సు పక్క రేకు మీద అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాసుకుంటూ నడిచాడు. తిరిగి వచ్చి ఆ చెయ్యి ఆమె ముందు చాపాడు. చెయ్యంతా తడి. వేళ్ళ సందుల్లో ఎర్రమన్ను.

“చెల్లెమా, వెనకాల ఇంకోటి వస్తాంది.”

సందులోంచి చూస్తే కొండ లేదు. కొండ ఉన్నచోట నీలంగా గోడ ఉంది. చల్లని గాలి ముందు వచ్చింది. దాని వెంట దుమ్ము, దుమ్ము వెంట తడిసిన అడవి వాసన. రాధాకుమారి పెనం మీది దోశ చేత్తోనే లాగి, వెనక్కి తిరిగి చూడకుండా కప్పు పట్ట మీదికి పడమరగా విసిరింది.

“అది నా దోశ గదమ్మా” అన్నాడు గిద్యోను.

ఆమెకు వినపడలేదు. గాలి ఒక్క విసురుకు పట్ట లేచిపోయింది. మొదటి చినుకు కాలుతున్న పెనం మీద పడి చుయ్యిమంది. గిద్యోను బొటనవేలు ఎత్తి చూపించాడు. ఈసారి అబద్ధం లేదు, అంత చినుకే. తర్వాత లెక్కపెట్టడానికి లేకుండా పడింది. పొయ్యి ఆరింది, గిన్నె నిండింది, రోడ్డు పారింది. బస్టాండు జనమంతా షెడ్డు కింద నక్కి చూస్తుంటే, ఎర్ర రంగు పూసిన స్తంభం పక్కన తల నెరిసిన పిచ్చోళ్ళు గొడుగు లేకుండా నిలబడి ఉన్నారు. కాటమరాజు కళ్ళజోడు తుడుచుకోవడం మానేశాడు. ఉరిమినప్పుడల్లా రాధాకుమారి రోడ్డు మలుపు వైపు చూసింది. రెండు హారన్లు వినపడతాయని కాదు. ఆ వైపు చూడటం అలవాటు.

నెలాఖరుకు బండి వెనక్కి పోయింది. కథ మాత్రం ముందుకు పోయింది. నరేష్ నోట్లోంచి మార్కాపురం, అక్కడినుంచి దర్శి, వెలిగండ్ల. వెళ్ళేకొద్దీ దోశలు పెరిగాయి. చివరికి మబ్బు కిందికి వంగి ప్లేటు పట్టుకున్న దాకా వచ్చింది. మొన్న దర్శి నుంచి ఎవరో కొత్తతను వెతుక్కుంటూ వచ్చి, లాడ్జి గోడకు ఆనుకుని నిలబడి, మబ్బుకు దోశ పెట్టిన అమ్మ మీరేనా అని అడిగాడు. రాధాకుమారి పిండి తిప్పుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

“మబ్బు దోశ తినడమేంది నాయనా. అది గాలికి కింద పడితే కుక్క తినింది. ఆ పొద్దు గ్రైండర్ కాలిపోయింది, అందుకని పిండి సగమే ఉండె. వాన దాని పాటికి అది వచ్చింది. ఉల్లి వెయ్యాల్నా, వద్దా?”