బాపు జేబులో పిట్టంత తుపాకి

మొన్న కారు సీటు కవర్లు మార్పిద్దామని బహ్రెయిన్ హమద్ టౌన్‌లో మా ఇంటి వెనక సందులో ఉన్న షాపుకి వెళ్తే, పనివాడు డబ్బా మూత తీసి రెక్సిన్ వెనక సొల్యూషన్ పూశాడో లేదో, నేను బయటికొచ్చి నిలబడ్డాను. వాసన పడక కాదు, ఆ వాసనలోనే నేను పెరిగాను. మా బాపు చొక్కాకీ, వేళ్ళ సందులకీ, చివరికి ఆయన కలిపి పెట్టిన అన్నం ముద్దకి కూడా అదే వాసన. చిన్నతనం గుర్తొచ్చిందా అని మా ఆయన మురిసిపోయాడు. చిన్నతనం గుర్తొస్తే మురిసిపోవాలని ఎవరు రూలు పెట్టారో గాని, నాకు మాత్రం తలుపు గడియ పెట్టి ఉందా లేదా అని ముందు చూసుకోవాలనిపిస్తుంది.

మేం ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉండేవాళ్ళం, ఒక లాండ్రీ షాపు మీద రెండు గదుల్లో. బాపు తుబ్లీలో ఒక వర్క్‌షాపులో కారు సీట్లు కుట్టే మేస్త్రి. జగిత్యాలలో మా నాయనమ్మ చనిపోయేదాకా మేం దుబాయిలో ఉన్నామనే అనుకుంది, బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా అది దుబాయిలో ఒక వాడ పేరేమో అన్నట్టు తలూపేది. ఎండాకాలం కింద లాండ్రీ ఆవిరి పైకి, పైనుంచి ఏసీ నీళ్ళు కిందికి, మధ్యలో మేము. సాయంత్రం కార్లు నిలిపే జాగాలో సుద్దముక్కతో గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడితే, చెప్పుల్లోంచి కూడా తారు వేడి తగిలేది, మేం కుంటేది ఆట కోసమో, కాలు కాలో చెప్పలేం. సముద్రం మీంచి గాలి మళ్ళిన రోజున తుబ్లీ నుంచి కుళ్ళిన ఉప్పుబురద వాసన వచ్చి ఆరేసిన బట్టలకు అంటుకునేది, అమ్మ బంగాళాఖాతం దాకా వినబడేట్టు తిట్టేది.

ఆ వర్క్‌షాపులోకే ఒకనాడు పడవంత పొడుగున్న పాత అమెరికన్ కారు వచ్చింది. ఎవరో ముసలాయన చనిపోతే కొడుకులు తుక్కు కింద అమ్మేశారు. వెనక సీటు విప్పి స్ప్రింగులు తీస్తుంటే బాపు చేతికి బట్టలో చుట్టిన చిన్న తుపాకి తగిలింది. దాన్ని డెరింజర్ అంటారని నాకు కాలేజీకి వచ్చాకగాని తెలియలేదు. అరచేతిలో పట్టేంత, ఒకదాని మీద ఒకటి రెండు పొట్టి గొట్టాలు, పిడికి ఆల్చిప్పలా మెరిసే పలకలు. గొట్టాలు మడిచి చూస్తే రెండూ ఖాళీ. ఇంకొకరైతే వెంటనే యజమాని చేతిలో పెట్టేవాళ్ళు. మా బాపు దాన్ని అన్నం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

ఎందుకు తెచ్చావని అమ్మ గొంతు తగ్గించి, కళ్ళు పెంచి అడిగింది. పోలీసులకిస్తే నీకెక్కడిదంటారు, మనకు వీసా ఇచ్చిన కఫీల్‌ని పిలుస్తారు, కఫీల్ నాకు తెలియదంటాడు, పాస్‌పోర్టు ఆయన దగ్గరుంది, మనం విమానంలో ఉంటాం, పిల్ల చదువు గంగలో కలుస్తుంది, ఇదీ బాపు లెక్క. మరి దొరికితే? దొరికితే జైలు తర్వాత విమానం. ఇస్తే ఒక ముప్పు, ఉంచుకుంటే రెండు ముప్పులు, అయినా ఉంచుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తలుపు కొడితే ముగ్గురం ఒకేసారి లేచి నిలబడేవాళ్ళం. రేపు సముద్రంలో పారేస్తానన్నాడు. మూడు రోజులకు పారేశానన్నాడు. అమ్మ నమ్మింది.

పారేయలేదని నాకు తెలుసు. పదమూడేళ్ళ ఆడపిల్లకు ఇంట్లో తెలియనిది ఏముంటుంది? మెరూన్ రెక్సిన్‌తో, లోపల మెత్తటి స్పాంజి వేసి, అంచుల చుట్టూ రెండు వరసల కుట్టుతో సబ్బుబిళ్ళంత సంచి ఒకటి కుట్టుకుని, దాన్ని ప్యాంటు కుడి జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయేవాడు. అంత ముచ్చటైన కుట్టు ఆయన ఏ షేక్ కారు సీటుకూ వేసి ఉండడు. గుండ్లు లేని తుపాకి, ఎవరికీ చూపించలేని తుపాకి, దేనికండీ? కాని మనిషి మారిపోయాడు. సూపర్‌వైజర్ అరిస్తే మెడ వంచుకుని దారం పోగు వెతుక్కునే మనిషి, నా పని నాకు తెలుసు అన్నాడట. చచ్చు టమాటాలు తూచిన కొట్టతనితో, మార్చు అని ఒక్క మాటన్నాడు, నా కళ్ళ ముందే, చెయ్యి జేబు మీద పెట్టుకుని. అతను మార్చాడు. పిట్టంత ఇనుపముక్క ఒక మనిషి వెన్నెముకను నిలబెడుతుందంటే నవ్వొస్తుంది, ఆ వెన్నెముకను అంతకాలం వంచింది ఎవరని ఆలోచిస్తే మాత్రం నవ్వు రాదు.

ఆ ఏడు దసరా రంజాన్ నెలలో పడింది. పగలంతా వీధి నోరు మూసుకున్నట్టుండేది, హోటళ్ళకు తెరలు, బస్సులో నీళ్ళ సీసా తీయాలన్నా భయం. పొద్దుగూకగానే పక్కింటి బహ్రెయినీ ఆమె గోధుమలూ మాంసమూ కలిపి రుబ్బిన హరీస్ పళ్ళెం మీద నెయ్యి వేసి పంపేది, మేం తినం గనుక దాన్ని కింద లాండ్రీ వాళ్ళకు ఇచ్చి, ఖాళీ పళ్ళెం పంపకూడదని అమ్మ అందులో నువ్వుల సద్దీ, బెల్లం మలీదా పెట్టి తిప్పి పంపేది. ఒకామె ఉపవాసం విడిచే పూట ఇంకొకామె బతుకమ్మ సద్దులు, తలుపు దగ్గర ఒకరి భాష ఒకరికి రాకుండా పది నిమిషాల మాటలు. పూల దుకాణంలో వాడిపోయిన బంతిపూలు ఏరుకొచ్చి జానెడు బతుకమ్మను పేర్చి బాత్‌రూం బకెట్లో సాగనంపాం. జమ్మి ఆకు కోసం రోడ్డు పక్క ముళ్ళచెట్టు కొమ్మ విరుచుకొచ్చాడు బాపు, అది జమ్మి కాదు సర్కారుతుమ్మ అని నేను, ఈడ గిదే జమ్మి అని ఆయన, పూజ మొదలయ్యేదాకా వాదించుకున్నాం.

వాదన నా జబ్బు. ఆ వాదనే కొంప ముంచింది. ఆయుధపూజకు బాపు పెద్ద కత్తెర, వంకర సూదులు, సుత్తె, అమ్మ కుట్టుమిషను, నా జామెట్రీ బాక్సు అన్నీ వరసగా పెట్టి పసుపు కుంకుమ అద్దుతోంది అమ్మ. కత్తెరకు బొట్టు పెట్టి అసలు ఆయుధాన్ని ప్యాంటు జేబులో వదిలేస్తే అమ్మవారికి కోపం రాదా? నాకు ఇది చాలా న్యాయమైన ప్రశ్న అనిపించింది. బాపు స్నానానికి పోగానే ఆ మెరూన్ సంచిలోంచి తీసి, రెండు గొట్టాలకూ రెండు బొట్లు పెట్టి, జామెట్రీ బాక్సు వెనక, బంతిరెక్కల కింద పెట్టాను. హారతి పొగలో అమ్మకు కనబడలేదు, కళ్ళు మూసుకున్న బాపుకీ కనబడలేదు.

పొద్దుగూకాక లేబర్ క్యాంపు నుంచి మన వాళ్ళు ఎనిమిదిమంది ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవడానికి వచ్చారు. వాళ్ళతో రజాక్ చాచా, కామారెడ్డి మనిషి, క్యాంపు నుంచి వర్క్‌షాపుకు పనివాళ్ళ బస్సు నడిపే డ్రైవరు, అప్పుడే ఉపవాసం విడిచి వచ్చాడు. ఏసీ గాలికి బంతిరెక్కలు పక్కకు తప్పుకున్నాయి. ముందు ఒకడు చూశాడు, తర్వాత అందరూ చూశారు. అమ్మ మొహం గోడకు కొట్టిన సున్నంలా అయిపోయింది. బాపు చెయ్యి జేబులోకి పోయి ఖాళీ సంచి మీద అక్కడే ఉండిపోయింది.

రజాక్ చాచా వంగి దాన్ని తీసుకున్నాడు, కుంకుమ తుడవకుండా.

"ఏం గంగారాం, లైటర్‌కు గూడ బొట్టు వెడ్తివా? గ్యాస్ అయిపోయిందని సిగ్రెట్లు మానిన మొగోనివి నువ్వే."

దాన్ని బాపు జేబులో పడేశాడు. అందరూ నవ్వారు. సగం మంది నమ్మి నవ్వారు, సగం మంది నమ్మినట్టు నవ్వారు. ఈ రెండో రకం నవ్వు ఎంత దూరం పోతుందో రజాక్ చాచాకు తెలుసు, పొద్దునా సాయంత్రమూ బస్సులో వాళ్ళ మాటలన్నీ ఆయన వెనక సీట్లలోనే గదా. బుధవారం డ్యూటీ దిగి సక్కగా మా ఇంటికి వచ్చాడు. సీట్ల మేస్త్రి దగ్గర తుపాకి ఉందని క్యాంపులో మాట పుట్టింది, రేపో ఎల్లుండో ఆ మాట కఫీల్ చెవిలో పడుతుంది, అది ఇంట్లో ఉండొద్దు భాయ్ అని, కూర్చోనైనా కూర్చోకుండా వెళ్ళిపోయాడు.

అమ్మ నన్ను కొట్టలేదు, అదే ఎక్కువ భయమేసింది. శుక్రవారం సెలవు. చీకటి పడ్డాక పోదామన్నాడు బాపు. చీకట్ల పోతే దొంగలంటరు, పగలు పోతే పెండ్లాం పిల్లతోని గాలికొచ్చిండంటరు, తిండి గిన్నె ఎవడు తెరుస్తడు అంది అమ్మ. పులిహోర కలిపి, స్టీలు డబ్బాలో అడుగున తుపాకి పెట్టి, పైన పులిహోర కప్పి, డబ్బా నా చేతికిచ్చింది.

ఇంటి నుంచి తుబ్లీ సముద్రపు గట్టు దాకా ఇరవై నిమిషాల నడక. ముందు అమ్మ, వెనక బాపు, మధ్యలో నేను. మొదటి ఐదు నిమిషాలు డబ్బానే చూసుకుంటూ నడిచాను. తర్వాత ఏమైందో, నా నడక మారింది. కార్లలోంచి హారన్ కొట్టే పోకిరీల వైపు రోజూ తల తిప్పని నేను ఆ రోజు తిరిగి చూశాను, వాళ్ళే చూపు మరల్చుకున్నారు. పులిహోర డబ్బా మోస్తున్న పిల్లను చూసి ఎవరూ భయపడరు, నాకూ తెలుసు, కాని డబ్బా బరువు నా మోచేతిలోంచి భుజానికి, భుజంలోంచి మెడకు ఎక్కి మెడను నిలబెట్టింది. బాపు దాన్ని ఎందుకు పారేయలేదో అప్పుడర్థమైంది. అర్థమయ్యాక, నాకూ పారేయబుద్ధి కాలేదు. అక్కడే తిరిగి పరుగెత్తాలనిపించింది, ఎక్కడికో తెలియదు.

పోటు సమయం, నీళ్ళు గట్టు రాళ్ళను తాకుతున్నాయి. డబ్బా మూత తీశానో లేదో వెనక పోలీసు జీపు ఆగింది. తిండి గిన్నె ఎవడూ తెరవడు అన్న మా అమ్మ తెలివికి దండం పెట్టాలి, రంజాన్ నెల పట్టపగలు నలుగురు తిరిగే చోట తిండి గిన్నె తెరిచే వాళ్ళ కోసమే గదా పోలీసు చూసేది! దిగినవాడు పడుచువాడు, ఎండకు అలసిపోయి ఉన్నాడు, కోపంగా లేడు. ఇప్పుడు తినకూడదు, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక తినండి అని డబ్బా వైపు చెయ్యి చాపాడు. బాపు చెయ్యి ఖాళీ జేబు మీదికి పోయింది. అమ్మకు అరబ్బీ రాదు.

స్కూల్లో నేర్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో నేనే చెప్పాను. "మేం తినం. ఇది చేపలకి. చేపలకు రోజా లేదు గదా."

అతను నవ్వాడు. నవ్వి వెళ్ళిపోతాడనుకున్నాను. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇక వేయక తప్పుతుందా? పిడికెడు తీసి నీళ్ళలో వేశాను, ఇంకో పిడికెడు, పల్లీలు తేలాయి, కరివేపాకు తేలింది, ఎక్కడివో తెల్లపిట్టలు అరుస్తూ దిగాయి. నాలుగో పిడికెడుకు వేళ్ళకు చల్లగా ఇనుము తగిలింది. అంతే, మూత బిగించి డబ్బాకు డబ్బా విసిరేశాను. గిన్నె కూడానా అన్నాడు పోలీసు. మా పండగకు అట్లనే వేయాలి అన్నాను. ఆచారం అంటే ఎంత వెర్రి పనికైనా ఎవరూ ఎదురు చెప్పరని ఆ రోజే తెలుసుకున్నాను. బురదలో కాళ్ళు దిగుతాయి, దగ్గరికి పోవద్దని మాత్రం చెప్పి వెళ్ళాడు.

జీపు కనుమరుగయ్యాక అమ్మ గట్టు మీద కూలబడింది.

"ఆ గిన్నె మీద పేర్లున్నయే."

అమ్మ పెళ్ళికి మా మేనమామ పెట్టిన స్టీలు సామాను అది. మనవాళ్ళు గిన్నె కొంటే పేరు చెక్కించకుండా ఇంటికి తేరు గదా. చుక్కలు చుక్కలుగా, ఇంత పెద్ద అక్షరాలతో, గంగారాం - లక్ష్మి, జగిత్యాల. దొంగసొత్తును చిరునామా రాసి మరీ దాచిన వాళ్ళం లోకంలో మేమే అయ్యుంటాం.

తెలుగు చదివే పోలీసు బహ్రెయిన్‌లో ఎవడున్నాడు అని నేను వాదించాను. క్యాంపు నిండ తెలుగోళ్ళే అంది అమ్మ. కఫీల్ చెవిన ఏం పడిందో ఆయన బాపును ఏమీ అడగలేదు, అడగకపోవడం ఇంకా పెద్ద శిక్ష. ఆటుపోటు వేళలు మా ఇంట్లో క్యాలెండరు పక్కన రాసి ఉండేవి. నీళ్ళు తీసిన పూటల్లా బాపు గట్టు మీదికి పోయి, మైలు పొడుగు బురదలో ఎక్కడైనా తళుక్కుమంటుందేమోనని చూసి వచ్చేవాడు, వచ్చి వెన్ను వంచుకుని కూర్చునేవాడు. సూపర్‌వైజర్‌కు మళ్ళీ ఎదురు చెప్పలేదు. కొన్నేళ్ళకు లారీలు వచ్చి ఆ నీళ్ళలో ఇసుక పోయడం మొదలుపెట్టాయి. రొయ్యలు పోతాయని, పిట్టలు పోతాయని ఊళ్ళో పెద్దలు నెత్తి బాదుకుంటుంటే, పోసిన ప్రతి లారీకీ దండం పెట్టింది మా బాపు ఒక్కడే.

ఇప్పుడక్కడ నీళ్ళు లేవు. పోటుకు తేలే పడవలు లేవు, బాపు పని చేసిన రేకుల షెడ్డు లేదు, రజాక్ చాచా ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. గట్టు ఉన్న చోట రోడ్డు, రోడ్డుకవతల వరసగా విల్లాలు, వాటి ముందు నీళ్ళు పోస్తే తప్ప బతకని పూలమొక్కలు. బాపు ఇరవై రెండేళ్ళు కుట్టిన సీట్లన్నీ ఏ తుక్కుకో పోయి ఉంటాయి. వీసా ఖలాస్ అనగానే వారం రోజుల్లో జగిత్యాలకు పంపేశారు. పెళ్ళయి మళ్ళీ ఇక్కడికే వచ్చిన నాకు ప్రతి శుక్రవారం ఫోన్ చేస్తాడు, మనవరాలి చదువు అడుగుతాడు, ఎండ అడుగుతాడు, ఆ తర్వాత గొంతు తగ్గుతుంది.

"ఆడ ఎవ్వరు తవ్వుతలేరు గద, బిడ్డా?"

ఎవరూ తవ్వట్లేదని చెప్తాను. అబద్ధం. రెండు వారాలుగా అక్కడ డ్రైనేజీ పైపులు వేస్తున్నారు. డ్యూటీకి పోయే దారి మార్చుకుని మరీ అటు నుంచి పోతున్నాను, కారు పక్కకు ఆపి, ప్రొక్లెయిన్ ఎత్తిపోసే నల్లమట్టిని చూస్తున్నాను. మొదటి రోజు భయంతోనే చూశాను. ఇప్పుడు భయం కాదు. ఈ దేశపు నేలలో ఎక్కడైనా మా బాపు పేరు రాసి ఉందంటే అది ఆ గిన్నె మీదే, ఒక్కసారి పైకి వస్తే నేను దిగి, నాదేనని చెప్పి, తెచ్చుకుందామని.