మోచేతి మడతలో టీ వాసన

ఎమ్మిగనూరులో మా చిన్న మేనత్త పోయింది. పెద్దత్త పొద్దున్నే ఫోన్ చేసి, "మీ అత్త లేదే, రాండి" అని పెట్టేసింది. ఆదోనిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక ఆమె మోచేతి మడత వాసన గుర్తొచ్చింది.

చీరలు నేసి బతికిన మనిషి. మామ పోయినప్పుడు ఆమెకు నలభై దాటలేదు. బొట్టు, గాజులతో పాటు తలలో పూలు కూడా మానేసింది. ఎవరు మానమన్నారంటే చెప్పలేను. ఆ వీధిలో అది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత ఆమె దగ్గర దారానికి పెట్టే గంజి వాసన ఒక్కటే ఉండేది.

రెండేళ్ల కిందట ఆదోని బజారులో నేనొక సెంటు కొన్నాను. సీసా మీద టీ ఆకు, అంజూర పండు బొమ్మలున్నాయి. అది కొట్టుకుని అత్తింటికి పోతే గడపలోనే పట్టేసింది.

"ఏందే, టీ అంగడిలోంచి వచ్చినట్లుండావు?"

"సెంటత్తా. టీ, అంజూర కలిపింది."

"తాగేదాన్ని ఎవరన్నా పూసుకుంటారా! ఏదీ, ఈడ కొట్టు సూస్తాం."

మణికట్టు మీద కొట్టబోతే నేస్తున్న చీరకు మరకవుతుందని ఆపి, మోచేతి మడత చూపించింది. మొదట పాలు పోయని డికాషనులా ఘాటుగా వచ్చింది. ఆమె మగ్గం గుంతలో దిగి మళ్లీ పోగుల మధ్య నాడె ఆడించింది. చెమట పట్టేకొద్దీ ఘాటు తగ్గి, అంజూర ఆకు తుంచితే కారే పాల పచ్చి వాసన పైకొచ్చింది. సాయంత్రానికి ఎండుపండు తీపి కొంచెం మిగిలింది. నా ఒంటి మీద అది ఎప్పుడూ అంతసేపు నిలవలేదు. ఆ మాటే అన్నాను.

"పని చేసే చెయ్యికే ఇది పలుకుతాదే" అంది.

సీసా ఆమెకే వదిలి వచ్చాను. బియ్యం డబ్బాలో దాచుకుంది.

"మల్లె వాసనైతే వీధంతా పట్టుకుంటారు. టీ వాసనను తప్పని ఎవరంటారే?" అంది ఒకసారి. ఆమె నవ్వలేదు. ఎవరైనా మాటంటే పెళ్లిళ్లకు పిలుపులు ఆగిపోతాయని భయం. నలుగురిలో కూర్చుని పాటలు పాడడం ఆమెకు ప్రాణం.

పెద్దత్త ఆమెకు సొంత అక్క. పక్కిల్లే. కట్టుబాట్ల దగ్గర గట్టి మనిషి. ఒకరోజు నా ఎదుటే వచ్చి నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"ఏం వాసనే ఇది?"

"టీ తాగినానక్కా."

"ఊఁ" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఒక పెళ్లిలో పక్కనున్నామె అదే అడిగింది. చిన్నత్త నోరు తెరిచేలోగా పెద్దత్తే, "మా సెల్లెలు గిన్నెలు గిన్నెలు తాగుతాది లేమ్మా, టీ పిచ్చిది" అంది.

నేను పోయేసరికి స్నానం చేయించి, ఆమె నేసిన చీరే కట్టి పడుకోబెట్టారు. పూల ఊసు ఎవరూ ఎత్తలేదు. సీసా సంగతి నా మనసులో ఉంది గానీ, అంతమంది ముందు అడగడానికి ధైర్యం చాలలేదు. పెద్దత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"బియ్యం డబ్బాలో సీసా ఉంటాది. తేపో."

నేను కదలకుండా ఆమెనే చూస్తున్నాను.

"ఏం సూస్తాండావు? అదెప్పుడు టీ తాగింది? గుక్కెడు తాగితే పొద్దుగూకేదాకా గుండెమంట దానికి. నాకు తెల్దా?"

తెచ్చిచ్చాను. పెద్దత్త పైట తొలగించి, చల్లబడిన ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని, మడతలో కొట్టింది. వెనకనుంచి ఎవరో, "ఏందక్కా, ఏదో వాసన వస్తాండాది?" అన్నారు.

"టీ" అంది పెద్దత్త, తలెత్తకుండా.

సెంటు నేను ఇప్పటికీ మోచేతి మడతలోనే కొట్టుకుంటాను. అది అత్త దగ్గర నేర్చుకున్నదే.

ఆమెను సాగనంపి వచ్చాక పక్కింటివాళ్లు అందరికీ టీ తెచ్చారు. పెద్దత్త మగ్గం గుంత అంచున కూర్చుని గ్లాసు తీసుకుంది. వెనక మగ్గం మీద సగం నేసిన చీర అట్లే ఉంది. తాగకుండా గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని, ఆవిరి ఆగిపోయేదాకా అలాగే కూర్చుంది.