యూనిఫాం ఏ రంగు?

అరకు సంత వీధిలో నీలవేణి కుట్టుమిషను ఉంది. కొలత తీసేటప్పుడు ఎవరు మాట్లాడినా ఆమె ఒప్పుకోదు. ఊపిరి కదిలితే టేపు తప్పు చెబుతుందంటుంది. కుట్టు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాత జాకెట్ల కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్లీ కలిపి కుట్టి నేర్చుకుంది.

ఆమె ఇంట్లో సోని అనే పిల్ల ఉంటోంది. కన్నకూతురు కాదు, చుట్టరికమూ లేదు. సోని అమ్మ పేరు కనక, నాన్న పేరు గాసి. జీపు దిగాక రెండు గంటలు కొండెక్కితే గానీ వాళ్ల ఊరు రాదు. అక్కడ బడి లేదు. హాస్టల్లో చేర్పిస్తే పిల్ల రెండుసార్లు ఇంటికి పారిపోయి వచ్చింది. నాలుగేళ్ల కిందట జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన కనక, కూతురు మిషను పక్కన బుద్ధిగా కూర్చుని సూదుల్లో దారం ఎక్కించడం చూసింది. ఈ ఒక్క యేడూ నీ దగ్గర ఉంచుకో అక్కా అని అడిగింది. ఆ ఒక్క యేడు ఇంకా పూర్తి కాలేదు. శుక్రవారం సంతకు దిగినప్పుడల్లా వాళ్లు కూతుర్ని చూసుకుని, కొండ మీద పండిన చోళ్లో చింతపండో ఇచ్చి వెళ్తారు.

కిందటి మే నెలలో ఒక శుక్రవారం వాళ్ల వెంట జగన్నాథరావు, సత్యకుమారి అనే దంపతులు వచ్చారు. విశాఖపట్నం వాళ్లు. కాఫీ గింజలు కొనడానికి వస్తూ గాసికి పరిచయమయ్యారు. సోనిని తమ ఇంట్లో ఉంచుకుని ఇంగ్లీషు మీడియంలో చదివిస్తామన్నారు. గాసి సరేనన్నాడు. ఆ రోజు రైలుకే ప్రయాణం, పిల్ల బట్టలు సర్దమని, ఒక కొత్త గౌను కనక చేతికిచ్చారు.

నీలవేణి మిషను తొక్కడం ఆపలేదు.

"నేను పంపను."

జగన్నాథరావు నవ్వాడు. నీకు ఏం హక్కుంది, కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. లేదంది. మీ దగ్గరుందా అని తనూ అడిగింది. గాసికి కోపం వచ్చింది.

"కన్నోళ్లం మేం. మధ్యలో నువ్వు అడ్డెయ్యడం ఏటక్కా? మా గుంట పెద్ద సదువు సదవకూడదా?"

మిషను ఆగింది. నీలవేణి మెడలోని టేపు తీసి సోనిని పిలిచింది. భుజం, ఛాతీ, నడుము, పొడుగు కొలిచింది. అందరూ నోరు మూసుకుని నిలబడ్డారు.

"సరే. బడికే కదా. గుడ్డ నాది, కుట్టు నాది. రైలు టైముకి ఇచ్చేస్తాను. యూనిఫాం ఏ రంగు?"

సత్యకుమారి భర్త వైపు చూసింది. అవన్నీ వెళ్లాక చూసుకుంటామంది. పోనీ బడి పేరు చెప్పమంది నీలవేణి. దగ్గర్లో చాలా ఉన్నాయన్నాడు జగన్నాథరావు.

"ముందు ఇంటికి అలవాటు పడనీ అమ్మా," అంది సత్యకుమారి. "మా మనవడికి ఏడాది. వాణ్ణి ఎత్తుకుని ఆడిస్తూ ఉంటుంది."

నీలవేణి వంగి, సోని లంగా అంచు తిరగేసి కనకకు చూపించింది. మూడేళ్ల కిందట మూడు మడతలు పెట్టి కుట్టిన లంగా అది. విప్పిన రెండు మడతల గీతలు వెలిసి కనిపిస్తున్నాయి. మూడోది ఇంకా కుట్టు మీదే ఉంది.

"ఇది నాలుగో తరగతికి ఇప్పేను. ఇది అయిదుకి. ఈ మడత ఆరుకి ఉంచేను. ఈళ్లు ఇంకా బడి పేరే ఎతకలేదు."

కనక ఆ గీతల మీద వేలు పెట్టి చూసింది. అంతవరకూ ఒక్క మాటైనా అనని మనిషి, సత్యకుమారి వైపు తిరిగింది.

"రంగు తెలిసినాక రండమ్మా. అప్పుడు సూత్తాం."

గాసి ఏదో అనబోయాడు. కనక వినలేదు. వాళ్లు తెచ్చిన కొత్త గౌను పాత మడతల మీదే మడిచి సత్యకుమారి చేతికిచ్చేసింది. రైలుకు ఆ దంపతులిద్దరే వెళ్లారు.

తర్వాత రెండు శుక్రవారాలు గాసి లోపలికి రాలేదు, రోడ్డు అవతలే కూర్చున్నాడు. మూడోవారం పనసపండు తెచ్చి గుమ్మంలో దించాడు. విశాఖపట్నం నుంచి బడి పేరు ఏదీ రాలేదు.

ఎప్పటికైనా పరాయి పిల్లే కదా అని వీధిలో వాళ్లు అంటూనే ఉంటారు. నిజంగా బడి పేరు వస్తే యూనిఫాం కుట్టి, తనే రైలెక్కిస్తానంటుంది నీలవేణి. అందాకా ఎవరొచ్చినా అదే ప్రశ్న అడుగుతానంటుంది.

జూన్‌లో బడి తెరిచే ముందురోజు ఆమె మూడో మడత విప్పింది. సోని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.