ముందు కానివి చెప్పు

ఈ ఉదయం గద్వాలలో ఒక విత్తన గోదాము పైగదిలో ఉన్నవాళ్లం ఆరుగురం: గోదాము యజమాని, ఆయన తమ్ముడు, వాళ్ల గుమాస్తా, నాతో పనిచేసే ఇద్దరు, నేను. ఉన్న వస్తువులు: ఒక ల్యాప్‌టాప్, రెండు ఫోన్లు, ఆగి ఆగి తిరిగే పంకా, ఒక స్టీలు గిన్నె. మేం చేసిన పని వాళ్లకు చూపించబోతుండగా గుమాస్తా గిన్నె మూత తీశాడు. ఉప్పేసి ఉడకబెట్టిన పల్లికాయలు. తడిమట్టి వాసనతో ఆవిరి ముఖానికి తగలగానే నా రెండు చేతులూ వాటంతటవే వీపు వెనక్కి వెళ్లాయి. పక్కనున్నవాడు వింతగా చూశాడు. ఆ అలవాటు నాకు సుగుణ మేడం దగ్గర వచ్చింది.

వనపర్తిలో మోటారు వైండింగు దుకాణం మీద రెండు గదుల్లో ఆమె ఆఫీసు ఉండేది. ఆమె చదివింది ఇంటర్. డేటా ఎంట్రీతో మొదలుపెట్టి, చిన్న చిన్న సంఘాలకూ దుకాణాలకూ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే దాకా వచ్చారు. నేను నాగర్‌కర్నూల్ నుంచి ఇంజనీరింగ్ పట్టాతో వెళ్లాను. పనిని ముక్కలుగా చేయడం, ప్రతి ముక్కనూ క్లయింటుకు చూపించి, ఆయన మాటను బట్టి తర్వాతి ముక్క నిర్ణయించుకోవడం నేను ఎజైల్ అన్న పేరుతో పరీక్షల్లో రాసి పాసయిన విషయం. ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. ఆమె దాన్ని ‘మంగళవారం’ అనేవారు. ప్రతి మంగళవారం, అయినంత పని పట్టుకుని క్లయింటు దగ్గరికి పోవాలి. నియమాలు మూడు. ఒకటి, వాళ్ల ఫోన్లో వాళ్లే నొక్కి చూడాలి. రెండు, వాళ్లు నొక్కుతున్నంతసేపూ మన చేతులు వీపు వెనక ఉండాలి. మూడు, ముందు కానివి చెప్పాలి, తర్వాతే అయినవి.

మూడోది నాకు మింగుడుపడేది కాదు. "ముందే మన లోపాలు చెప్పుకుంటే పని ఎవరిస్తారు మేడం?" అన్నాను ఒకసారి.

"పిల్లను చూపెట్టనీకి పోతున్నమా ఏంది తమ్మీ, మచ్చ దాయనీకి? రేపు వాడేది వాళ్లు. ఏడ ఆగుతదో వాళ్లకు ముందుగాల తెల్వాలె" అన్నారు.

వీపనగండ్ల వైపు ఒక ఊళ్లో రైతుల నీళ్ల సంఘం పని మాకు వచ్చింది. కాలువ నీళ్లు పన్నెండు రోజులకొకసారి వంతులవారీగా పొలాలకు మళ్లుతాయి. ఎవరి వంతు ఎప్పుడో ఒకరోజు ముందే వాళ్ల ఫోన్‌కు సందేశం పంపాలి. సంఘం అధ్యక్షుడు మద్దిలేటి అరవై దాటినాయన. అప్పటిదాకా వంతులన్నీ పంపుహౌసు గోడ మీద బొగ్గుతో రాసి నడిపాడు. "బొగ్గు ఎన్నడన్న చార్జింగు అడిగిందా మేడం?" అని నవ్వుతూనే మా ముందుకు పల్లికాయల గిన్నె జరిపాడు. నీళ్లు సరిగా అందనిది చివరి కాలువ వాళ్లకే కాబట్టి, వాళ్లు ఏడుగురితోనే మొదలుపెడదామని మేడం అన్నారు.

మొదలుపెట్టే ముందురోజు సోమవారం, ఏడు నంబర్లకూ నేనే ఫోన్ చేసి సరిచూశాను. ఆరుగురు ఊళ్లోనే ఉన్నారు. సవారమ్మ పేరు మీదున్న ఏడో నంబరులో కాంక్రీటు కలిపే మిల్లరు చప్పుడు మధ్య ఒకాయన గొంతు వినిపించింది. "నేను పూణేల ఉన్న సార్, పని మీద. మా ఇంటామెకు చెప్త తియ్!" చెప్తానన్నాడు కదా అని టిక్కు పెట్టాను. ఏడుకు ఏడు. పట్టిక చూడముచ్చటగా ఉంది. మర్నాడు బస్సెక్కేముందు మేడం అడిగారు, "కానివి ఏమున్నయ్?"

"ఏం లేవు మేడం."

తర్వాతి మంగళవారం మేం వెళ్లేసరికి పల్లికాయలు లేవు. పంపుహౌసు ముందు మద్దిలేటి నిలబడి ఉన్నాడు, ఆయన పక్కన సవారమ్మ. శుక్రవారం ఆమె వంతు. సందేశం పూణేకు చేరింది. భర్త పనిలో పడి మరిచాడు. ఆమె రాకపోవడంతో ఆ వంతు నీళ్లు కింది పొలానికి పోయాయి. సరిగ్గా పల్లికి ఊడలు దిగే సమయం. నేల మెత్తగా లేకపోతే ఊడ లోపలికి దిగదు, కాయ కాయదు.

"నేల రాయోలె అయింది సారూ. ఊడ ఏడ దిగాలె, నా నెత్తిలనా?" అని ఆమె నన్నే అడిగింది.

"మీ మిషన్లు మీరు తీస్కపోండ్రి. నా బొగ్గు నాకున్నది" అన్నాడు మద్దిలేటి.

మేడం చేతులు వెనక్కి పెట్టుకునే ఉన్నారు. "తప్పు మాదే అన్నా. ఆమె వంతు మేమే పోగొట్టినం" అన్నారు. కారణాలు ఏవీ చెప్పలేదు. సవారమ్మ వైపు తిరిగి, "అక్కా, నీ వంతని నీకెట్ల చెప్తె తెలుస్తది?" అని అడిగారు.

"పైచేను ఎంకటయ్య నాకంటె ముందు నీళ్లు కట్టుకుంటడు. వాకిట్లకొచ్చి ఒక కేకేస్తె అయిపాయె. గంత దానికి ఫోనెందుకు?"

మద్దిలేటి కాలువ వైపు తిరిగాడు. "రేపు పైకాలువల నా వంతు. సగం నీళ్లు ఆమెకిడుస్త. మీ ముఖం చూసి గాదు, ఊడలు చూసి" అన్నాడు. తర్వాత మేడంతో, "ఇంకొక్క మంగళవారం. గంతే."

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక చెప్పేశాను. ఆ ఫోన్ పూణేలో ఉందని మొదలుపెట్టకముందు సోమవారమే నాకు తెలుసునని. "మా నాయిన బొంబాయి పనికి పోతే, ఇంట్ల ఉన్న ఒక్క గడియారం ఆయన చేతికే పోయింది. మా అమ్మ బడిగంట విని పొద్దు లెక్కగట్టేది. ఫోన్ ఎవరి జేబుల ఉన్నదని నేనన్న అడగాల్సుండె. నేను గూడ అడగలే" అన్నారు మేడం. వనపర్తిలో దిగాక ఇంకొక్క మాటే అన్నారు: "మల్ల మంగళవారం కానివి నువ్వే చదువు."

ఆమె మెత్తటి మనిషేం కాదు. ఆ వారమంతా నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. తిడితే బాగుండుననిపించింది.

మంగళవారం పంపుహౌసు ముందు నిలబడి కాగితం విప్పాను. "కానివి, ఒకటి. సవారమ్మ గారి ఫోన్ పూణేలో ఉందని నాకు ముందే తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు."

"ఇంజనీరు సారు లెక్క ఇప్పుడు సరిపోయింది" అన్నాడు మద్దిలేటి. సవారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఒప్పుకున్నడు తియ్యన్నా. మా ఇంటాయన ఇరవై ఏండ్లల్ల ఒక్కటన్న ఒప్పుకున్నడా?" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు కానీ ఊపిరి వచ్చింది.

ఆ వారం చేసిన ముక్క చిన్నది. వంతు ముగుస్తున్న రైతు తర్వాతివాళ్ల ఇంటికి వెళ్లి నోటితో చెప్పి, తన ఫోన్లో ‘చెప్పిన’ అని నొక్కాలి. అందాకా తర్వాతివాళ్ల పేరు మద్దిలేటి ఫోన్లో ఎర్రగా ఉంటుంది. మద్దిలేటి వెంకటయ్య ఫోన్ తీసుకుని ఆ బటన్ రెండుసార్లు నొక్కాడు, వేలు తగల్లేదు. వీపు వెనక నా వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఆగాయి. "ఇది కిందికి తే సారూ, బొటనవేలుకు అందుతలేదు" అన్నాడు. దాన్ని కానివాటిలో రెండోదిగా రాసుకున్నాను. అప్పుడు మద్దిలేటి లోపలికి వెళ్లి, పల్లికాయల గిన్నె తెచ్చి మా మధ్య పెట్టాడు. మర్నాడే సవారమ్మ వంతు. ఆ సాయంత్రం ఆమె పేరు పచ్చబడింది.

సుగుణ మేడం ఆ ఆఫీసు మూసి, ఇప్పుడు అచ్చంపేటలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. నా పని బాగుందని ఆమె ఒక్కసారీ అనలేదు. కానీ ఆ మంగళవారం తర్వాత కానివి చదివే కాగితం మళ్లీ నా దగ్గర్నుంచి తీసుకోలేదు.

ఈ ఉదయం గోదాములో చేతులు వెనక్కి పెట్టుకుని, "ముందు కానివి చెప్తాను, మూడున్నాయి" అన్నాను. యజమాని ముఖం చిట్లించాడు. మూడూ విన్నాక కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఆ పల్లి పంటకు చివరి కాలువ మీద ఏడుగురికి ఆరు చుట్లు నీళ్లు వచ్చాయి. వంతులు నలభై రెండు. తప్పింది ఒకటి.